రెండువందల జతల కమ్మలు

ఏ పన్ను గురించయినా మన మొదటి ప్రశ్న ఒకటే: ఎవరి జేబులోంచి ఎంత పోతోంది? ఆన్‌లైన్ అమ్మకాల మీద పన్ను దగ్గర ఈ ప్రశ్న పెద్దగా పనికిరాదు. ఆ పన్ను కట్టేది కొనేవాళ్ళు. అమ్మేవాళ్ళు దాన్ని వసూలు చేసి ప్రభుత్వానికి అప్పజెప్పాలి, అంతే. గొడవంతా ఆ ‘అంతే’ దగ్గరే ఉంది.

అమెరికాలో ఈ గొడవ పాతికేళ్ళకు పైగా నడిచింది. అక్కడ అమ్మకం పన్ను కేంద్రానిది కాదు, రాష్ట్రాలది. చాలాచోట్ల కౌంటీలు, ఊళ్ళు కూడా దాని మీద తమ వంతు కలుపుకుంటాయి. 1992లో క్విల్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ఒక రాష్ట్రంలో కొట్టో, గోదామో, పనివాళ్ళో లేని వ్యాపారి చేత ఆ రాష్ట్రం పన్ను వసూలు చేయించకూడదు. క్విల్ పోస్టులో కేటలాగులు పంపి ఆఫీసు సామాను అమ్మే కంపెనీ. ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. వీధి చివర పుస్తకాల కొట్టాయన ప్రతి బిల్లు మీదా పన్ను వేయాలి. ఆయన కొట్లో పుస్తకం తిరగేసి చూసి, ఇంటికెళ్ళి ఆన్‌లైన్లో కొంటే పన్ను లేదు. చట్టప్రకారం అలా కొన్నవాళ్ళు తామే లెక్క చూపించి కట్టాలి. ఎంతమంది కట్టి ఉంటారో మీరే ఊహించుకోండి. ఆ కొట్టాయన కడుపుమంటను నేను తీసిపారేయలేను.

2013లో సెనేట్ దీనికో బిల్లు పాస్ చేసింది, 69–27 ఓట్లతో. పేరు ‘మార్కెట్‌ప్లేస్ ఫెయిర్‌నెస్ యాక్ట్’. (పేరులోనే న్యాయం పెట్టుకున్న చట్టాలను కాస్త అనుమానంగా చదవడం నా అలవాటు.) బయటి రాష్ట్రాల్లో ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు అమ్మేవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. ఈబే చాలదంది. అమెజాన్ మాత్రం బిల్లును సమర్థించింది. అది అప్పటికే రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో గోదాములు కట్టుకుంటోంది, వసూలు ఎలాగూ తప్పదు. తనకు తప్పనిది ఎవరికీ తప్పకపోతేనే దానికి లాభం. బిల్లు ప్రతినిధుల సభ దాటలేదు.

చివరికి పని కోర్టులోనే జరిగింది. 2018లో వేఫెయిర్ కేసులో 5–4తో క్విల్ గీత చెరిగిపోయింది. సౌత్ డకోటా చట్టం నిలిచింది: ఏడాదిలో ఆ రాష్ట్రానికి 1,00,000 డాలర్లకు మించిన సరుకు, లేదా 200 అమ్మకాలు. రెండింట్లో ఏది తగిలినా వసూలు చేసి కట్టాల్సిందే. చాలా రాష్ట్రాలు ఇవే అంకెలు ఎత్తి రాసుకున్నాయి.

ఆ రెండో అంకె దగ్గర ఆగుదాం. ఒరెగాన్‌లో ఒకామె ఇంట్లో కమ్మలు చేసి సొంత వెబ్‌సైట్లో అమ్ముతోందనుకోండి. జత 10 డాలర్లు. 200 జతలు సౌత్ డకోటాకు పంపితే వచ్చేది 2,000 డాలర్లు. అప్పటి రాష్ట్ర రేటు 4.5 శాతం, అంటే పన్ను 90 డాలర్లు. ఇంకొకాయన ఒక్కోటి 3,000 డాలర్ల సోఫాలు 30 పంపాడు. 90,000 డాలర్ల వ్యాపారం, 4,050 డాలర్ల పన్ను. ఆయన రెండు గీతలకూ ఇవతలే ఉన్నాడు, ఆయన జోలికి ఎవరూ రారు. ఆ 90 డాలర్ల కోసం ఆమె మాత్రం లైసెన్సు తీసుకోవాలి, రిటర్నులు వేయాలి. ఆమె సొంత రాష్ట్రంలో అమ్మకం పన్నే లేదు. సౌత్ డకోటాలో ఆమెకు ఓటూ లేదు.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తన అసమ్మతి తీర్పులో చెప్పింది ఈ బాధే. దేశంలో 10,000కు పైగా పన్ను పరిధులున్నాయి. ఇల్లినాయ్‌లో గోధుమపిండి ఉన్న ట్విక్స్ ఆహారం కిందకి వస్తుంది, పిండి లేని స్నికర్స్ మిఠాయి కిందకి. న్యూజెర్సీలో అదే ఊలు స్వెట్టరుకైతే పన్ను లేదు, కళాకృతికైతే ఉంది. సాఫ్ట్‌వేర్ ఇవన్నీ చూసుకుంటుందని మెజారిటీ నమ్మింది. సౌత్ డకోటా దాన్ని ఉచితంగా కూడా ఇస్తుంది, నిజమే. కానీ ఊలు దేనికో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సింది మనిషే కదా.

డబ్బును శాతాల్లో పంచొచ్చు. తెలుసుకోవాల్సిన భారాన్ని అలా పంచలేం. అమ్మకం పదో వంతయితే పన్నూ పదో వంతవుతుంది, నింపాల్సిన ఫారం మాత్రం పదో వంతవదు. అందరికీ ఒకే రూలు అన్నప్పుడు సమానంగా పడేది ఈ ఫారమే. పెద్ద కంపెనీలో దానికో డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఇక్కడ కమ్మలు చేసే చేతులే ఆ పనీ చేయాలి, ప్రభుత్వానికి జీతం లేని గుమాస్తాగా. కాబట్టి పన్ను న్యాయమేనని ఒప్పుకుంటూనే అడగాలి: ఆమె దగ్గర తీసుకునే దానికంటే ఆమె చేత చేయించే పని ఖరీదు ఎక్కువైతే, ఆ గీత ఎవరి సౌకర్యం కోసం గీసినట్టు? సౌత్ డకోటా 2023లో ఆ 200 అంకెను ఎత్తేసింది. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి.

ఈలోగా అమ్మకం పన్నున్న రాష్ట్రాలన్నీ, ఎట్సీ, అమెజాన్ లాంటి వేదికల మీద జరిగే అమ్మకాలకు ఆ వేదికలే పన్ను కట్టేలా చట్టాలు చేశాయి. వాటి నీడకి చేరితే ఆమెకు తలనొప్పి లేదు, కమిషన్ ఉంది. సొంత వెబ్‌సైటయితే కమిషన్ లేదు, తలనొప్పి ఉంది. వీధి కొట్టును కాపాడటానికి మొదలైన వాదన చిన్నవాళ్ళను పెద్ద బజారులోకి తోలడంతో ముగియడం నాకు మింగుడుపడదు.

మన దగ్గర ఇదే ప్రశ్న తలకిందులుగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొట్టు పెట్టి సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే సరుకు ఆన్‌లైన్ వేదిక మీద పెడితే మొదటి రూపాయి నుంచే కావాల్సొచ్చేది. అంటే ఇక్కడ శిక్ష బజారులోకి వెళ్ళినందుకు. 2023 అక్టోబర్ 1 నుంచి సడలించారు, సొంత రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకు మాత్రం. జగ్గయ్యపేటలో ఆవకాయ పెట్టే ఆవిడ ఇప్పుడు ఐదొందల కిలోమీటర్లకు పైనున్న ఇచ్ఛాపురానికి సీసాలు పంపుకోవచ్చు. గంట కూడా పట్టని కోదాడకు పంపాలంటే ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, కనీసం మూణ్ణెల్లకోసారి రిటర్న్ వేయాలి. ఒక్క సీసా కూడా అమ్మని మూణ్ణెల్లకైనా సరే.