పిలుపు – పూచీ

అన్యాయము కంటబడినపుడు దానిని నలుగురికి చెప్పుట ధర్మమే. అయితే చెప్పుటతోనే మన ధర్మము తీరునా? చేతిలోని ఫోనుతో క్షణములో వేలమందిని పిలువగల ఈ కాలమున యువకులే గాక పెద్దలును ఆలోచింపదగిన ప్రశ్న యిది.

2020 మే 25న అమెరికాలోని మినియాపోలిస్ నగరమున ఒక పోలీసు ఉద్యోగి జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై 9 నిముషములకు పైగా మోకాలు మోపి ప్రాణము తీసెను. పోలీసువారి మొదటి ప్రకటన దానిని అనారోగ్యముగా చెప్పెను. అచటనే నిలిచియున్న 17 ఏండ్ల బాలిక ఫోనులో చిత్రించి లోకమునకు చూపుటచే సత్యము వెలువడెను. 2021 ఏప్రిల్‌లో ఆ ఉద్యోగి హత్యానేరస్థుడని తీర్పు వచ్చెను.

ఆ చిత్రమును చూచిన నాష్‌విల్ నగరపు బాలికలు ఆరుగురు, 14 మొదలు 16 ఏండ్లవారు, ట్విట్టర్ ద్వారా పరిచయమై కొద్ది దినములలోనే ఒక ఊరేగింపు ఏర్పాటు చేసిరి. జూన్ 4న సుమారు 10,000 మంది వచ్చిరి. అంతయు శాంతముగా జరిగెను.

దానికి రెండు దినముల ముందే, జూన్ 2న, లక్షలాది జనులు ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లని చతురస్రము నొకదానిని ప్రకటించిరి. అదియు సానుభూతియే. కాని ఉద్యమపు పేరుతోనే అవి కుప్పలుగా పడుటచే, సభ యెక్కడ, సహాయ మెక్కడ అని వెదకువారికి కావలసిన వార్తలు మరుగుపడెను. సాధన మొకటే, ఫలములు వేరు. హుండీ వ్రాయుట ఎవరికైనను సులభమే గదా! గడువునాడు సొమ్ము చెల్లినపుడే ఆ వ్రాతకు విలువ. ఆ బాలికలు తామిచ్చిన పిలుపునకు తామే వెళ్ళి నిలిచిరి.

అదే నాష్‌విల్‌లో 1960లో మరియొక తరము ఈ పనియే చేసెను. నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో పనిచేసి, గాంధీజీ మార్గమును అభ్యసించి వెళ్ళిన జేమ్స్ లాసన్ విద్యార్థులకు శిక్షణ నిచ్చెను. వారిలో కొందరు దూషించువారుగాను, కొందరు సహించువారుగాను నటించి అలవాటు చేసికొనిరి. ఫిబ్రవరి 13న, నల్లవారికి ఆహారము పెట్టని అంగళ్ళలో కూర్చుండిరి. ఫిబ్రవరి 27న దెబ్బలు తినిరి. 80 మంది వరకు నిర్బంధింపబడిరి. ఒక్కరును తిరిగి కొట్టలేదు. మే 10న ఆ అంగళ్ళు వారికి ఆహారము పెట్టుట మొదలిడెను.

కష్టపడి పిలిచిన పిలుపే గొప్పదనియు, ఫోనుతో పిలిచినది చౌకదనియు కొందరందురు. అది సరికాదు. సాధనపు ఖర్చునుబట్టి ధర్మమును తూచరాదు. అయితే ఒక్కటి మరువరాదు. ఫోను పిలుచు కాలమును తగ్గించును గాని, సహనము నేర్చు కాలమును తగ్గింపజాలదు. పదిమంది కూడినచోట ఒక్కడు రాయి విసరినను పదిమంది శ్రమ వ్యర్థమగును. అసత్యమును సత్యమంత వేగముగనే పరుగెత్తును. నిరపరాధిపై జనమును ఉసికొల్పగలదు.

కావున వార్తను పంపుటకు ముందు, ఇది నిజమని నేను విచారించితినా, దీనివలన ఒకరికి హాని కలిగిన నేను జవాబుదారినా అని తన్ను తాను ప్రశ్నించుకొనుట యువకుల విధి. ఫోను లాగికొనుట పెద్దల విధి కాదు. లాసన్ వలె ముందుగా కూర్చుండి, ఓరిమిని నేర్పి, ఆ పిమ్మట వారితో నడచుటయే పెద్దరికము.