లెక్కకు వచ్చే చెయ్యి

మా పెదనాన్న ఎడమ చేతికి వాచీ ఉండటం చూసి మొదట నేనేం పట్టించుకోలేదు. వాచీ ఎడమ చేతికి పెట్టుకోవడం మామూలే కదా. కాసేపయ్యాక గుర్తొచ్చింది, పక్షవాతం వచ్చింది కుడి చేతికి. ఆ వాచీ టైము చూసుకోడానికి కాదు. పడిపోయిన చెయ్యి రోజుకు ఎంత కదిలిందో లెక్కపెట్టి, విశాఖలో ఉన్న కొడుకు ఫోనుకు పంపడానికి.

"పెదనాన్నా, వాచీ చెయ్యి మారిందేటి?" అన్నాను. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది.

"ఆడికి సెప్పకు" అన్నాడు. మాట ఇంకా కాస్త ముద్దగానే వస్తోంది. "రాత్రేల ఆ నంబరు సూసుకుంతే గాని ఆడికి నిద్దర పట్టదట. మంచి నంబరు సూపిత్తే ఎవులికేటి నట్టం?"

ఎవరికి నష్టం? నౌపడ నుంచి తిరిగి రైలెక్కాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు వాచీ తరఫున మాట్లాడాలి. పక్షవాతం వచ్చిన చెయ్యి ఒక్క జబ్బు వల్లే పనికిరాకుండా పోదు. మొదట్లో కదలదు కాబట్టి మనిషి రెండో చేత్తో నెట్టుకొస్తాడు. తర్వాత కదిలే శక్తి కొంత తిరిగొచ్చినా, అప్పటికే ఆ చేతిని వాడకపోవడం అలవాటైపోతుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట కోతుల్లో గమనించాడు. మంచి చేతిని కట్టేస్తే అవి రెండో చేతిని మళ్ళీ వాడటం మొదలుపెట్టాయి. మనుషులకు మంచి చేతికి తొడుగు వేసి చేయించే చికిత్స అందులోంచే వచ్చింది. 2006లో 222 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్షలో అది మేలు చేస్తుందని తేలింది.

ఇక ఎంత చేయాలన్న సంగతి. కేథరిన్ లాంగ్ బృందం 2009లో చికిత్స గదుల్లో కూర్చుని లెక్కపెడితే, ఒక్కో విడతలో చేత్తో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమే. మిగతా రోజంతా ఇంట్లోనే కదా గడిచేది. అక్కడ ఏం జరుగుతోందో చూసేవాళ్ళు లేరు. అందుకే రెండు మణికట్లకూ కదలికల్ని పసిగట్టే పరికరాలు కట్టి పోల్చడం మొదలైంది. అదే బృందం 2017లో మరో సంగతి చెప్పింది. శిక్షణ తర్వాత రోగులు గదిలో చేయగలిగింది పెరిగింది. ఇంట్లో నిజంగా చేసింది పెరగలేదు. చేయగలగడం వేరు, చేయడం వేరు. ఆ తేడాను డాక్టరు చూడలేడు, వాచీ చూడగలదు.

మరి ఇంట్లోవాళ్ళు చూసుకోరా అంటారు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది మీద జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఇంట్లోవాళ్ళకి శిక్షణ ఇచ్చి వ్యాయామం చేయించమని పంపారు. ఆరు నెలలకు చూస్తే శిక్షణ ఉన్న వర్గంలోనూ లేని వర్గంలోనూ చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు కలిపి 47 శాతమే. ప్రేమ ఉంటే చాలదన్నమాట. మా పెద్దమ్మ వంట చేస్తూ, నీళ్ళు మోస్తూ, ఆయన్ని లేపి కూర్చోబెడుతూ, ఇంకా ఫిజియోథెరపిస్టు పని కూడా చేయాలనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

కాబట్టి నా కజిన్ వాచీ కొనడం తప్పు కాదు. దూరాన ఉన్న కొడుకు చేయగలిగింది చేశాడు. తప్పు ఇంకెక్కడో ఉంది.

పెదనాన్న వయసంతా ఉప్పు మడుల్లోనే గడిచింది. ఆయన పనిచేసిన చోట బస్తాల లెక్కన కూలి. లెక్క రాసేవాడు వేరే, ఎత్తేవాడు వేరే. లెక్క ఎప్పుడూ తన మీద ఇంకొకరు రాసేదే. ఇప్పుడు కొడుకు పంపిన వాచీ కూడా ఆయనకి అలాగే కనిపించింది. పైకి వెళ్ళే లెక్క ఏదైనా కాస్త నిండుగా కనపడాలి. ఆయన మోసం చేశాడు అనడం కంటే, తనకు తెలిసిన పద్ధతిలో కొడుకు బాకీ తీర్చాడు అనడం నిజానికి దగ్గర.

నేను ఇక్కడితో ఆపేస్తే ఆయన్ని వెనకేసుకొచ్చినట్టవుతుంది. మూడు వారాల తర్వాత కజిన్ ఫోను చేశాడు. "నాన్నకి నంబర్లు చాలా బాగున్నాయి. టెక్కలి నుంచి వచ్చే ఫిజియో ఇక అక్కర్లేదేమో" అన్నాడు. ఎవరికి నష్టమో అప్పుడు తెలిసింది. కొడుకు నిద్ర కోసం చెప్పిన అబద్ధం ఆ కుడి చేతి నోటి దగ్గర కూడు తీసేయబోతోంది. తెలిసీ ఊరుకున్న నేను కూడా అందులో ఉన్నాను.

కజిన్‌కి వెంటనే చెప్పలేదు. పెదనాన్నకి ఫోను చేసి జరిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "సెప్పీ" అన్నాడు చివరికి. "కాదు, నానే సెప్తాను."

చెప్పాడు. కజిన్ మొదట కోప్పడ్డాడు, తర్వాత ఏడ్చాడు. ఫిజియో వస్తున్నాడు. వాచీ కుడి చేతికి మారింది, కానీ ఒక షరతు మీద. నంబరు ముందు పెదనాన్న చూస్తాడు. పంపాలా వద్దా ఆయన ఇష్టం. వారానికోసారి పంపుతున్నాడు.

ఒంటి మీద కట్టే ఏ యంత్రానికైనా ఇది కనీస మర్యాద అనుకుంటాను. ఒప్పుకోవడం అంటే వాచీ పెట్టిన రోజున ఒక్కసారి తలూపడం కాదు. నా ఒంటి లెక్క నాకు ముందు తెలియాలి, పంపనని అనే వీలు రోజూ ఉండాలి. దాచుకునే హక్కు ఉన్నవాడికే దొంగలెక్క రాయాల్సిన అవసరం తగ్గుతుంది. దాచుకుంటే చేతికి నష్టం కదా అంటారా? కావచ్చు. ఆ నష్టం కూడా కొంత ఆయనదే. కొడుకు అడగొచ్చు, పోట్లాడొచ్చు. తండ్రికి తెలియకుండా మాత్రం చూడకూడదు.

మొన్న వెళ్ళినప్పుడు పెద్దమ్మ అన్నం దగ్గర ఉప్పు గిన్నె ఆయన కుడి పక్కన పెట్టింది. "నువ్వే ఏసుకో" అంది. మూడుసార్లు జారింది, సగం నేల మీద పడింది. నాలుగోసారి అందింది. వాచీ దాన్ని ఎంత అని రాసుకుందో మేము చూడలేదు.