ఎవలి మనిషివి?

మా ఊళ్ళె తొవ్వన పోయే మాదిగ పిలగాణ్ని పెద్దకులపాయన ఆపితే పేరు అడిగేవాడు కాదు. "ఎవలి మనిషివిరా?" అనేవాడు. ఎవరి కొడుకువి అని కాదు, ఎవరి దగ్గర జీతమున్నవు అని దానర్థం. ఫలానా పటేలు దగ్గర అంటే తొవ్వ ఇడిచేది. ఎవలి మనిషిని కాదు అంటే అనుమానం మొదలయ్యేది. దొంగనా? జీతం ఎగ్గొట్టి ఉరికొచ్చినోడా? సంఘంల తిరిగేటోడా? మా నాయిన ఎనిమిదేండ్ల వయసుల జీతానికి కుదిరి పన్నెండేండ్లు చేసిండు. ఆ పన్నెండేండ్లల్ల తనను పేరు పెట్టి పిలిచినోళ్ళు మా వాడకట్టు బయట ఒక్కరు లేరంటడు.

తర్వాత మేం హన్మకొండ వచ్చి సుబేదారిల పడ్డం. నేను చదివింది అక్కడి ఆర్ట్స్ కాలేజీల. మా చిన్నాయిన కొడుకు మా ఇంట్లనే పెరిగిండు. ఆస్ట్రేలియాలో వాని వీసా దరఖాస్తును తిరగ్గొట్టినప్పుడు ఆ ఇంగ్లీషు ఉత్తరాన్ని నాయినకు తెలుగు చేసి చెప్పింది నేనే. వానికి పని రాదని అందులో లేదు. ఇంగ్లీషు రాదని లేదు, రోగముందని లేదు, నేరం చేసిండని లేదు. ఆమోదం పొందిన నామినేషన్ లేదు కనుక వీసా ఇవ్వడానికి వీల్లేదు, అంతే.

"నామినేషనంటే ఏంది?" అన్నడు నాయిన.

ఈ కొలువు నా దగ్గర ఉన్నది, ఈ మనిషి నాకు కావాలె అని యజమాని సర్కారుకు రాసిచ్చే కాగితం అని చెప్పిన.

"అంటే ఎవలి మనిషివి అని అడిగిండ్రన్నట్టు" అన్నడు.

ఆ మాటకు చదువుకున్న మా మిత్రులు నవ్విండ్రు. వీసా ఎక్కడ, పటేలు ఎక్కడ అన్నరు. నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి చేసే పనికి, ఆ మనిషి బతుకుకు ఇంకో మనిషి సంతకమే ఆధారం కావడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పటినుంచి నన్ను ఇడుస్తలేదు.

తమ్ముడు పోయింది 2009లో. వంట చదువుకని పోయిండు. అసైన్డ్ భూమి అమ్మరాదు, చట్టం ఒప్పదు. అందుకని ఇంటి జాగ కుదువబెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి పైసలు తెచ్చి పంపినం. చదువు అయిపోయింది, వంటపని దొరికింది. 2016లో ఒక చిన్న పట్నంల హోటలు యజమాని వాని పేరున నామినేషన్ వేసిండు. అది 187 నంబరు వీసా, పెద్ద నగరాల బయట పనిచేసేటోళ్ళకు శాశ్వతంగా ఉండనిచ్చేది. కొత్తవాళ్ళకు 2019 నవంబరులో దాన్ని మూసేసిండ్రు. దాంట్ల రెండు దరఖాస్తులుంటయి. ఒకటి యజమానిది, రెండోది పనివానిది. యజమానిది నిలబడితేనే పనివానిది నిలబడ్తది. రెండేండ్లపాటు పూర్తికాలం ఆ కొలువు ఇయ్యగలనని యజమాని లెక్కలు చూపాలె. ఈయన లెక్కలు సరిపోలేదు. నామినేషన్ పోయింది. దాని ఎనకనే తమ్ముని వీసా పోయింది.

ఇక్కడ ఒక సంగతి ఆగి చూడాలె. నామినేషన్ తిరస్కారం మీద అప్పీలు చేసే హక్కు యజమానికే ఉన్నది. పనివానికి లేదు. తన బతుకును తేల్చే కాగితం మీద వాడు మూడో మనిషి. యజమానికి అప్పీలు ఫీజు దండుగ అనిపించింది, వదిలేసిండు. తమ్ముడు తన వీసా తిరస్కారం మీద అప్పీలు చేసుకున్నడు గని, అప్పటికే కాలు లేని మంచమది. ఇంకో హోటలాయన వచ్చి నేనిస్త నామినేషన్ అన్నా పనికిరాదు. మొదటి దరఖాస్తుల ఏ నామినేషన్ చూపిస్తే అదే ఆమోదం కావాలె. పైగా ఆ గడ్డ మీదుండి తిరస్కారం పొందినోడు అక్కడే ఉండి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి చాలా దారులు మూసుకపోతయి. అక్కడి వలస చట్టంల 48వ సెక్షన్ అదే.

2021లో ఫోన్ల విచారణ జరిగింది. తమ్ముడు జీతం చిట్టీలు, పన్ను కట్టిన కాగితాలు, ఆ పట్నపోళ్ళు రాసిచ్చిన ఉత్తరాలు అన్నీ పంపిండు. విన్న అధికారి మర్యాదగనే మాట్లాడిందట. నీ పనితనం మీద నాకు అనుమానం లేదు, కాని ఆమోదమైన నామినేషన్ లేనప్పుడు వేరే నిర్ణయం చేసే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు అన్నదట. ఆమె మీద నాకు కోపం లేదు. నన్ను కుదురుగ కూసోనియ్యనిది ఆ వాక్యం. ఊళ్ళె గుడి మెట్ల కాడ ఆపినాయన కూడా "నాదేముందిరా, ఊరి కట్టు" అనేవాడు. కట్టు చేసినోడు కనపడడు, అమలు చేసేటోని చేతిల ఏమీ ఉండదు. దెబ్బ మాత్రం ఒకని వీపు మీదనే పడ్తది. మంత్రి తలుచుకుంటే 351వ సెక్షన్ కింద ఆ నిర్ణయాన్ని మార్చవచ్చు. అయితే తలుచుకోవాలె అని ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేరని ఆ సెక్షన్లనే ఉన్నది. న్యాయం అడిగినోనికి దయ చూపిస్తరు. దొరల గడీ ముంగట నిలబడ్డోళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

సర్కారు వాదన లేకపోలేదు, వినాలె. నామినేషన్ అడగకపోతే లేని కొలువులు పుడతయి, దొంగ ఉత్తరాల మీద జనాన్ని దింపుతరు, తక్కువ జీతాలకు తిప్పలు పెడతరు, పరీక్ష పెట్టేది కార్మికుని మంచికే అంటరు. ఇందుల నిజముంది. కాని పరీక్ష యజమానికి, ఫలితం పనివానికి. ఇదెక్కడి లెక్క? పోయిన జన్మల చేసిన పాపానికి ఈ జన్మల మాదిగోనివైనవు అని చెప్పిన శాస్త్రానికి, నీ యజమాని లెక్కలు సరిగ లేవు కనుక నువ్వు పో అనే రూలుకు ఒక పోలిక ఉన్నది. రెండింట్లనూ శిక్ష పడేటోనికి తను చేయని పనే కారణమైతది.

ఇంకోటి. ఒక సంతకంల అంత బలం పెడితే ఆ సంతకానికి అంగడి పుడ్తది. ఆస్ట్రేలియాలో స్పాన్సరుషిప్ కోసం పైసలు తీసుకునుడు ఎంత ముదిరిందంటే 2015 డిసెంబరు 14 నుంచి దాన్ని నేరం చేసిండ్రు. తీసుకున్నోనికి జైలు గూడ ఉన్నది. ఇచ్చినోనికి జరిమానా. ఇల్లు కుదువబెట్టి ఇచ్చినోడు ఫిర్యాదు చేయాలంటే ముందుగాల తన నేరం ఒప్పుకోవాలె.

సంతకం పెట్టేటోడు ఎవడన్నది మనోళ్ళు ఎక్కువ మాట్లాడరు. తమ్ముని యజమాని తెలుగాయననే. కొలువులకు తీసుకునే ముందు ఏం వండుతవని అడగలేదట. "మీ ఇంటిపేరేంది, వరంగల్ల ఎవలోల్లు?" అని అడిగిండట. నామినేషన్ ఫారంల కులం గడి లేదు. అక్కర లేదు. ఎవణ్ని ఎంచుకోవాలె అన్నది యజమాని ఇష్టానికి వదిలిన కాడ కులానికి గడి ఎందుకు? 2023 ఫిబ్రవరిల అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియాలో సభలు ఒప్పుకున్న బిల్లును గవర్నరు అక్టోబరులో ఆపేసిండు. కులం సముద్రం దాటదు అనేటోళ్ళు ఈ రెండు సంగతులు దగ్గర పెట్టుకోవాలె.

గల్ఫ్ పోయిన మా కరీంనగర్, నిజామాబాద్ దిక్కోళ్ళను అడిగితే వాళ్ళు దీన్ని రెండు మాటలల్ల చెప్తరు. సంతకం పెట్టేటోడు కఫీల్. వాణ్ని ఇడిసి బయటపడ్డోడు కల్లివెల్లి. కఫీల్ కొట్టినా సరే, జీతం ఎగ్గొట్టినా సరే, ఇడిసి పోయినోడే నేరస్తుడు.

ఇవన్నీ కూడగట్టుకొని కాలేజీ పిల్లల మీటింగుల, ఇది కొత్త జీతం అని నేను మాట్లాడిన. ఇంటికొచ్చినంక నాయిన ఒప్పుకోలేదు.

"తప్పు మాట కొడుకా. నాకు బువ్వ మునుం కింద పెట్టేటోళ్ళు, పైసలు చూసింది లేదు. వానికి బ్యాంకుల జీతం పడ్డది. పైగా నన్ను దొర ఇడువకపోతే ఏడ్చిన. వాడు సేటు ఇడిసిపెడితే ఏడ్చిండు. రెండూ ఒకటెట్లయితయి?"

నేను చదివిన పుస్తకాలల్ల ఇంత సాఫుగ చెప్పినోళ్ళు లేరు. ఒకదాంట్ల యజమాని పట్టుకునుడే హింస. ఇంకోదాంట్ల యజమాని ఇడిసిపెట్టుడే హింస. అయినా రెండింట్లనూ తాడు కొస యజమాని చేతిలనే ఉన్నది గదా అన్న. "ఉన్నది. తాడు తాడే. గని మెడకు కట్టిన తాడు వేరు, బాయిలకు దిగినప్పుడు పట్టుకున్న తాడు వేరు" అన్నడు. నేను ఆయనతో ఇంకా పూర్తిగ ఒప్పుకుంటలేను. బాయిల దిగబడ్డోడు తాడు కోసం పైనోని కాళ్ళు మొక్కుతనే ఉండాలె. అట్ల మొక్కినన్ని రోజులు వాడు ఎంత కూలిస్తే అంత తీసుకుంటడు, ఏమంటే అది పడ్తడు. తమ్ముడు ఆదివారాలు గూడ పనిచేసింది అందుకే.

నాయినను విడిపించిన చట్టం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. 1975 అక్టోబరు 25 నుంచే అమలులకు వచ్చినట్టు లెక్క. దాంట్ల ఒక వివరణ ఉన్నది, మన విద్యార్థులు చదవాలె. భగేలా, జీతం, పాలేరు, వెట్టి, ఇట్ల దేశమంతటి పేర్లు వరుసగ రాసి, ఈ పద్ధతులు ఉన్న కాడ అప్పిచ్చినోనికి, తీసుకున్నోనికి నడుమ ఒప్పందం ఉన్నట్టే భావించాలె అన్నది. కాగితం లేకున్నా సరే. పనే సాక్ష్యం, బతుకే సాక్ష్యం. చట్టం ఒక్కసారన్న కాగితాన్ని పక్కకు పెట్టి మనిషిని చూసింది. మరి పన్నెండేండ్లు ఒక దేశంల వండి, పన్ను కట్టి బతికినోని కాడికి వచ్చేసరికి, పని సాక్ష్యం కాదు, కాగితమే సాక్ష్యం అంటే ఎట్ల?

కాగితం సంగతి మా సుబేదారోళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిజాం కాలంల వరంగల్ సుబాను ఏలిన సుబేదారు పేరు మీదనే ఈ జాగకు పేరొచ్చింది, కలెక్టరాఫీసు గూడ ఇక్కడనే. గుడిలకు రానియ్యకుండ ఆపినోడు మమ్మల్ని కుల సర్టిఫికెట్ ఎన్నడూ అడగలేదు. కిరాయికి ఇల్లు లేదన్నోడు అడగలేదు. స్కాలర్‌షిప్‌కు పోతే మాత్రం నువ్వు మాదిగోనివని ఎమ్మార్వో సంతకం తెమ్మన్నరు. కాదనుటానికి కాగితం అక్కరలేదు, ఇయ్యాలంటేనే కావాలె.

కాగితాలన్నీ ఉన్నోని గతి ఏమైందో అంబేద్కర్ రాసుకున్నడు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద ఆయన కొలంబియా పోయిండు, తిరిగొచ్చి పదేండ్లు సంస్థానంల కొలువు చేస్తనని ఒప్పందం మీద సంతకం పెట్టిండు. 1917లో వచ్చిండు. యజమాని సాక్షాత్తు రాజు, కొలువు సిద్ధంగ ఉన్నది, ఇంతకు మించిన నామినేషన్ ఏ దేశంల దొరుకుతది? కాని ఊళ్ళె ఉండనీకి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంల పార్సీ పేరు రాయించుకొని ఉంటే పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టిండ్రు. ఈ సంగతి ఉన్న చిన్న పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1930లల్ల రాసుకున్నది, అచ్చులకు వచ్చింది 1990లో. మనిషిని మనిషిగ లోపలికి రానిచ్చే సంతకం ఎవరి దగ్గరున్నదని ఆయన అడిగిన ప్రశ్నకు తమ్ముని కేసు చిన్న తోక మాత్రమే.

తమ్ముడు ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ తొవ్వల టిఫిన్ బండి పెట్టుకున్నడు. అప్పు ఇంకా ఉన్నది. విదేశాలకు పోదామనుకునే పిల్లలు బండి కాడ నిలబడి వాణ్ని సవాలక్ష అడుగుతరు. అక్కడి తాత్కాలిక పని వీసాల కొత్త రూళ్ళు వాడు ఇప్పటికీ చదువుతడు. యజమానిని ఇడిసినోడు ఇంకో యజమానిని వెతుక్కునే గడువు ఒకప్పుడు 28 రోజులు. 2013లో 90 చేసిండ్రు, 2016లో 60కి తగ్గించిండ్రు. 2024 జూలై 1 నుంచి ఒక్కసారికి 180 రోజులు, మొత్తం మీద 365. అమెరికా హెచ్‌-1బీ వాళ్ళకు 60. మనిషి ఎవలి మనిషి గాకుండ ఎన్ని రోజులు ఉండొచ్చో ప్రపంచం ఇట్ల అంకెలేసి పెట్టుకున్నది.

నాయినకు ఈ అంకెలు చెప్తే ఏళ్ళమీద లెక్కేసుకున్నడు.

"ఆర్నెల్లు. బాగనే పెంచిండ్రు. ఆ ఆర్నెల్లు కూలికి పోనిస్తరా?"

"పోనిస్తరు పెదనాయినా. ఎవలి దగ్గరన్న చేసుకోవచ్చు" అన్నడు తమ్ముడు.

"మరి ఆర్నెల్లు దాటిన తెల్లారి, అదే మనిషి అదే పని ఎందుకు చేయరాదట?"