నేలను ఎవరు అడగాలి?

భూమి నుంచి ఏదైనా తీసుకునేముందు అడగడం మన ఆదివాసుల ఆచారం. కోయ ఊళ్లలో భూమి పండుగ చేశాకే విత్తనం చేనుకు పోతుంది. కొత్త చేశాకే కొత్త పంట నోటికి వస్తుంది. మరి తీసుకునేటప్పుడు ఉన్న ఈ న్యాయం, భూమికి పెట్టేటప్పుడు కూడా ఉండాలా వద్దా? ఎరువు బస్తా విప్పేముందు 'నీకేం కావాలి' అని చేనును అడగాలా? అడిగితే ఎవరు అడగాలి, జవాబు ఎవరు చెప్పాలి? భూసార పరీక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

పరీక్ష అంటే మన పెద్దల్లో కొందరు నవ్వుతారు. 'తాతలు ఏ పరీక్ష చేయించారు? పంట పండలేదా?' అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ తాతలకూ ఒక పరీక్ష ఉండేది. దాని పేరు బీడు. కొండపోడు కొట్టి రెండు మూడేళ్లు చోడి, సామ, కొర్ర, కంది పండించేవారు. నేల నీరసించిందని పంట చూసి, మొలిచిన కలుపు చూసి గుర్తుపట్టి వదిలేసేవారు. అడవి మళ్లీ కమ్ముకునేది. ఆకు రాలి, కుళ్లి, బలం తిరిగొచ్చాక మళ్లీ ఆ చోటికి వచ్చేవారు. నేలకు కావాల్సింది అడవే చూసుకునేది. మనిషి చెయ్యాల్సింది ఆగడం ఒక్కటే.

ఇవాళ అలా ఆగే వీలు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆదివాసుల సాగులో ఉన్న భూమి మీద నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఇచ్చింది. అది ఎన్నో పోరాటాలతో వచ్చిన హక్కు, దాన్ని తక్కువ చెయ్యం. అయితే పట్టా వచ్చాక చేను ఒకచోట నిలిచిపోయింది. ఎకరం, రెండెకరాలు ఉన్న ఇల్లు అన్నదమ్ములకు పంచితే ఇంకెంత మిగులుతుంది? ఏటా అదే ముక్కను దున్నాలి. బీడు పెట్టి నేలను అడిగే దారి మూసుకుపోయింది కాబట్టి వేరే దారిలో అడగాలి. పరీక్ష తాతల జ్ఞానానికి శత్రువు కాదు. బీడు పోయిన చోట పెట్టుకోవాల్సిన పనిముట్టు.

మనం అడగకపోయినా జవాబు చెప్పేవాడు ఒకడున్నాడు. సంతలో ఎరువుల షావుకారు. పత్తి, మిరప వేసే ఊళ్లలో ఎరువు అప్పు మీద వస్తుంది, పంట ఆ అప్పు కిందికే పోతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలో అతనే చెబుతాడు. మందు అమ్మేవాడే రోగం పేరు కూడా చెబితే, ఆ రోగం ఎప్పటికైనా తగ్గుతుందా? అతను మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు ప్రశ్న. మన తెలియనితనం మీద అతని బేరం నడుస్తోంది. ఆ ఏర్పాటే న్యాయం కాదు.

ధర కూడా ఒక సలహా చెబుతుంది. 45 కిలోల యూరియా బస్తా ప్రభుత్వం కట్టిన ధరకు 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని నూటికి 46 పాళ్లు, అంటే బస్తాకు సుమారు 20 కిలోల 700 గ్రాములు. భాస్వరం, పొటాష్ ఎరువులకు 2010 నుంచి సబ్సిడీ లెక్క మారింది, యూరియా ధర మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. అందుకే చవకైనది ఎక్కువ పడుతోంది. చవకగా దొరికినంత మాత్రాన అదే నేలకు కావాల్సింది అవుతుందా? వానలు ఎక్కువ పడే మన కొండల ఎర్రనేలల్లో చాలాచోట్ల పులుపు ఉంటుంది. అలాంటి నేలలో భాస్వరం వేసినా ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి, మొక్కకు అందేది కొంతే. యూరియా ఏళ్ల తరబడి పడితే ఆ పులుపు ఇంకా పెరుగుతుంది. రాజ్మా వేర్ల మీద బుడిపెలు సరిగా కట్టవు. ఆ చేనుకు కావాల్సింది ఇంకో బస్తా కాకపోవచ్చు. సున్నం కావచ్చు, పొయ్యి బూడిద కావచ్చు, పెంట కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

అడిగే పని ప్రభుత్వం చేపట్టింది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకం మొదలైంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, వాటితోపాటు పులుపు, ఉప్పు, సేంద్రియ కర్బనం. కార్డు మీద మొత్తం 12 అంశాలు. రైతు డబ్బు కట్టనక్కర్లేదు. మంచి పనే. కానీ మొదటి విడతల్లో మట్టి తీసిన లెక్క చూడండి. నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వానాధారమైతే పది హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలకు దగ్గర. మైదానంలో అది ఒకే రకం నేల కావచ్చు. మన దగ్గర పాతిక ఎకరాల్లో కొండవాలు ఉంటుంది, గరువు ఉంటుంది, గెడ్డ పక్కన పల్లం ఉంటుంది. వాలులో కోసుకుపోయిన మట్టి పల్లంలో చేరుతుంది. పదిమంది చేల తరఫున ఒక్క చేనును అడిగితే, మిగిలిన తొమ్మిది చేలకు వచ్చిన జవాబు ఎవరిది? నీరున్నవాడి నేలను దగ్గరగా, వాన మీద బతికేవాడి నేలను దూరంగా అడగడంలోనే తేడా కనిపిస్తోంది.

ప్రయోగశాల వాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పులుపు నేలలో భాస్వరాన్ని బ్రే పద్ధతిలో కొలుస్తారు, చవుడు వైపు మొగ్గిన నేలలో ఓల్సన్ పద్ధతిలో. నేలను బట్టి అడిగే తీరు మార్చకపోతే జవాబు తప్పుగా వస్తుంది. మట్టికి ఇచ్చే ఈ మర్యాద మనిషికి కూడా ఇవ్వాలి కదా? కువి, కోయ, సవర మాట్లాడే ఇంటికి అంకెల పట్టీ ఒకటి ఇచ్చి వెళ్తే చెప్పినట్టు కాదు. పట్టా మగవాడి పేరున ఉంటే కార్డూ అతని పేరునే వస్తుంది. విత్తనం దాచేది, పెంట మోసేది, కలుపు తీసేది ఆడవాళ్లు. ఆ జవాబు వాళ్ల చెవిన పడకపోతే చేనుకు చేరదు.

చవక అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. ఉచిత పరీక్ష కోసం రెండుసార్లు మండలానికి పోతే రెండు రోజుల కూలి పోతుంది, జీపు ఖర్చు పడుతుంది. జవాబు విత్తనాలు చల్లాక వస్తే ఆ రెండూ దండగ. ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న: 'నీ నేలకు సున్నం కావాలి' అని చెప్పి, దగ్గర సంతలో సున్నం దొరకకుండా ఉంచడం ఏం న్యాయం? లోటు పేరు చెప్పినవాడికి, ఆ లోటు తీరే దారి చూపాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. లేకపోతే ఆ కార్డు రైతు చేతిలో ఇంకో చింత.

రసాయన ఎరువే వెయ్యని వాళ్లకు ఈ గొడవంతా ఎందుకని మనలో కొందరు అడుగుతున్నారు. పెంటకూ లెక్క ఉంది. ఉన్న కొద్దిపాటి పెంట ఏ మడికి ముందు పోవాలో తెలిస్తే అది రెట్టింపు విలువ చేస్తుంది. పరీక్ష ఎరువు అమ్మడానికి కాదు, వద్దనడానికి కూడా ఉపయోగపడాలి. 'ఈ ఏడు నీ చేనుకు బస్తా అక్కర్లేదు' అని ధైర్యంగా చెప్పలేని పరీక్షను మనం నమ్మకూడదు.

మట్టి తీయడం మన చేతకాని పనేం కాదు. చెట్టు నీడ, గట్టు, పెంటకుప్ప వదిలి, చేనులో ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో జానెడుకు తక్కువగా, పదిహేను సెంటీమీటర్లు తవ్వాలి. ఆ మట్టంతా కలిపి, నాలుగు వాటాలు చేసి, ఎదురెదురు రెండు వాటాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా చెయ్యాలి. వాటాలు వెయ్యడం మనకు ఒకరు నేర్పాలా? ఊరంతా ఒకరోజు పెట్టుకుని వాలుకు ఒకటి, గరువుకు ఒకటి, పల్లానికి ఒకటి మనమే తీయవచ్చు. ప్రయోగశాల కొలిచి పెట్టాలి. జవాబును గ్రామసభలో మన భాషలో చదవాలి. చదివేవాడు ఎరువు అమ్మేవాడు కాకూడదు.

నేలను అడిగే హక్కు ఆ నేల మీద చెమటోడ్చేవాళ్లది. జవాబు విని నడుచుకోవాల్సిన బాధ్యతా వాళ్లదే. ఈ చేను ఇక కదలదు. రేపు మన పిల్లలు దున్నాల్సింది దీన్నే.