'వీ' అక్షరం కింద

జీఆర్‌ఈ రాసి అమెరికా వెళ్ళిన మన పిల్లల్లో చాలామంది ఒక దశలో ఇంగ్లీషు మాటల్ని 'ఏ' నుంచి 'జెడ్' దాకా బట్టీ పట్టినవాళ్ళే. బారన్స్ పుస్తకంలో 3,500 మాటలు, 50 జాబితాలుగా ఉండేవి. 2011 ఆగస్టులో ఆ పరీక్షలోంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేశాక బట్టీ కొంత తగ్గింది గానీ, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటల్ని గుంపుగా నేర్చుకునే అలవాటు పోలేదు. అది మంచి పద్ధతా కాదా అన్నది బోధనాశాస్త్రం చూసుకుంటుంది. నన్ను వేధించే ప్రశ్న వేరు. ఒక మాటనీ దాని అర్థాన్నీ మార్కుల కోసం కంఠతా పట్టినప్పుడు, ఆ అర్థంలో దాగిన తీర్పుని కూడా ఒప్పుకున్నట్టేనా?

'వీ' కింద విరాగో ఉంటుంది, అర్థం గయ్యాళి. కాస్త దిగువన విక్సెన్: ఆడనక్క, గయ్యాళి. 'టీ'లో టర్మగంట్ కూడా గయ్యాళే. 'ఎస్'లో ష్రూ, మళ్ళీ అదే. అన్నీ ఒకచోట పెట్టి చూపిస్తే, గొంతెత్తిన మగవాడికి ఇన్ని పేర్లున్నాయా అని ఏ పిల్లయినా అడిగేది. అక్షరక్రమం వాటిని చెదరగొట్టి ఆ ప్రశ్న పుట్టనివ్వదు. (మనకి గయ్యాళి అన్న మాట చాలక సూర్యకాంతం పేరుని కూడా వాడుకున్నాం. పాపం ఆమె చేసింది నటించడమే.)

అయితే అర్థాన్ని బట్టి మాటల్ని పేర్చితే న్యాయం జరుగుతుందా? అమరకోశం చేసింది అదే. స్త్రీకి ఉన్న పర్యాయపదాలన్నీ ఒక్కచోటే ఉంటాయి. నారి, వనిత, మహిళల మధ్య అబల కూడా కూర్చుని ఉంటుంది. వివక్ష కళ్ళెదుటే ఉన్నా, శ్లోకంగా నోటికొచ్చేసిన దాన్ని వల్లెవేసినవాళ్ళు ప్రశ్నించలేదు. ఆ వల్లెవేసే చోటికి ఆడపిల్లల్నీ దళిత పిల్లల్నీ చాలావరకు రానివ్వనేలేదు. అక్షరక్రమానికి గురువు అక్కర్లేదు. ఓనమాలు వస్తే చాలు, ఎవరైనా తలుపు తీసుకుని లోపలికి పోవచ్చు. ఈ మేలుని నేను తక్కువ చెయ్యలేను.

ఆ తలుపు మొదట ఎవరికోసం తెరిచారో చూడండి. ఇంగ్లీషు మాటలకి ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన తొలి నిఘంటువుగా చెప్పుకునేది రాబర్ట్ కాడ్రీ 1604లో వేసిన 'ఎ టేబుల్ ఆల్ఫబెటికల్'. దాదాపు 2,500 కఠినపదాలు. ఇది దొరసానులకీ, కులీన స్త్రీలకీ, నైపుణ్యంలేని ఇతరులకీ అని ముఖపత్రం మీదే అచ్చువేశాడు. అక్షరక్రమంలో మాటని ఎలా వెతుక్కోవాలో కూడా ఓపిగ్గా వివరించాడు. అవమానమూ తాళంచెవీ ఒకే చేత్తో ఇచ్చాడన్నమాట. లాటిన్ బడి దొరకని స్త్రీలు తాళంచెవి తీసుకోకుండా ఉండాల్సిందా? నేనైతే తీసుకునేదాన్నే.

మళ్ళీ 'వీ' దగ్గరికి వద్దాం. విరాగో, విరైల్, వర్చ్యూ. అక్షరక్రమం యాదృచ్ఛికంగా దగ్గర చేర్చిన ఈ మూడూ నిజానికి ఒకే తల్లి పిల్లలు. తల్లి అనకూడదేమో, ఎందుకంటే ఆ లాటిన్ మూలం 'విర్'కి మగవాడు అని అర్థం. మగతనం నుంచి వర్చ్యూ, అంటే సుగుణం, పుట్టింది. ఆ మాటే స్త్రీ దగ్గరికి వచ్చేసరికి శీలంగా కుంచించుకుపోయింది. విరాగో ఒకప్పుడు వీరనారి, తర్వాత గయ్యాళి అయింది. 1973లో లండన్‌లో కార్మెన్ కాలిల్ స్త్రీల పుస్తకాల కోసం ప్రచురణ సంస్థ పెట్టి, దానికి విరాగో అని పేరుపెట్టింది. పట్టికలో ఇదేమీ ఉండదు. అక్కడ విరాగో అంటే ష్రూ. ఒక తిట్టుకి అర్థం ఇంకో తిట్టు!

మాటలు తిట్లుగా ఉండి ఊరుకోవు. నోరుగల ఆడదాన్ని 'కామన్ స్కోల్డ్' అని నేరస్థురాలిని చేసి, కుర్చీకి కట్టి నీళ్ళలో ముంచేవాళ్ళు. ఇంగ్లండులో ఆ నేరం చట్టంలోంచి పూర్తిగా పోయింది 1967లో.

అందుకే, నేర్చుకోవడం ఒప్పుకోవడం కాదని నేనంటాను, కానీ అర్థం రాసినవాళ్ళకి ఆ మినహాయింపు ఇవ్వను. 'గయ్యాళి' అని రాయడానికీ, 'గొంతెత్తిన స్త్రీని కించపరచడానికి వాడే మాట' అని రాయడానికీ తేడా ఉంది. మొదటిది స్త్రీ గురించి చెబుతుంది, రెండోది ఆ మాట వాడేవాళ్ళ గురించి. తరగతిలో ఈ రెండో రకం అర్థాలు రాయిస్తే పిల్లలు ఉత్సాహంగానే రాస్తున్నారు. 'ఎవరు, ఎవర్ని, ఎప్పుడు అంటారు' అని మూడు గళ్ళు గీసుకుంటారు. పరీక్షలో వాటికి మార్కులు రావు. కాబట్టి ఒక్కో మాటకి రెండేసి అర్థాలు రాసుకుంటున్నారు, పరీక్షకొకటి, తమకొకటి.