బెయేర్షెబాలో నాటిన చెట్టు

ధ్యానభాగములు: ఆదికాండము 21:22-34, యోనా 4



అబ్రాహాము బెయేర్షెబాలో చెట్టు నాటునప్పటికి నూరేండ్లు దాటినవాడు. ఇస్సాకు పుట్టి పాలు విడిచిన తరువాతి సంగతి గదా ఇది. ఆ నేల అతనిది కాదు. ఫిలిష్తీయుల దేశములో అతడు పరదేశి. బావి విషయమై అబీమెలెకుతో వచ్చిన తగవు తీర్చుకొని, ఏడు గొఱ్ఱెపిల్లలనిచ్చి, ఆ పిమ్మట అతడు పిచుల వృక్షమును నాటెను. ఆ ప్రాంతమున ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వర్షమే కురియును. మన అనంతపురములోనైనను దానికి రెండింతలు మించి కురియును. పిచుల వృక్షము ఉప్పునేలను ఓర్చుకొని, ఆ ఉప్పును ఆకుల గుండ వెలికి కక్కును. నేల నెరిగి చెట్టు నెన్నుకొనిన పితరుడు! మనుష్యులు తినదగిన పండు దానికి లేదు. నీడకొరకే నాటెననుకొనుచున్నాను.

మన దేవాలయపు ఆవరణలో నీడతోట వేయవలెనని సంఘపెద్దలు తీర్మానించియున్నారు. రేకుల షెడ్డు చాలునని కొందరందురు. మే నెల మధ్యాహ్నము రేకు క్రింద ఒక గడియ కూర్చుండినవారు ఆ మాట మరల ననరు. ఆకు ఆవిరి వదలుచు గాలిని చల్లబరచును. రేకు తాను కాలి మనలను కాల్చును. ఆ నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక గోడలకును నీడ యుండదు. రావి, మఱ్ఱి వేళ్లు పునాదులలో దూరును. నిద్రగన్నేరు త్వరగా గొడుగు పట్టును గాని గాలివానకు కొమ్మలు విరుగును. పిల్లలు కూర్చుండు చోట వలదు. వేపయు కానుగయు మేలు. కానుగ ఎండలకు ముందే ఆకు రాల్చి, వెంటనే చిగిర్చి, ఎండలు ముదురు వేళకు దట్టమైన నీడనిచ్చును. చెట్టుకు చెట్టుకు ముప్పదియడుగుల యెడముండవలెను.

క్రింది మొక్కలకు తొందర వలదు. తమలపాకు తోట వేయువాడు మొదట అవిసె విత్తి, అది ఎదిగిన తరువాత గదా తీగె నాటును. నీడ కుదిరిన పిమ్మట కనకాంబరము, పసుపు, కంద చక్కగా బ్రతుకును. బంతి, గులాబీ అడిగిన స్త్రీల సమాజమువారు మన్నించవలెను. వాటికి ఎండ కావలెను.

అసలు తగవు వేరొకటి. రోడ్డు మనకు తూర్పున నున్నది. తూర్పు గోడ ప్రక్కన చెట్లు నాటినయెడల ఉదయపు నీడ లోపల మన మీద పడును. మధ్యాహ్నము తిరిగిన తరువాత గోడ దాటి రోడ్డు మీదికి పోవును. అక్కడ బస్సు కొరకు నిలుచువారు, కూరగాయల గంపలు దించుకొనువారు, మేకలు తోలువారు కూర్చుందురు. వారిలో మన సంఘస్థులు బహు కొద్దిమంది. మన డబ్బు, మన నీళ్లు, నీడ మాత్రము ఊరివారికా అని ఒక పెద్ద అడిగెను. అడుగవలసిన ప్రశ్నయే. వేసవిలో బోరు నీళ్లు మనకే చాలవు.

సొరచెట్టు నీడకు యోనా మిక్కిలి సంతోషించెను. ఆ సంతోషము తప్పు కాదు, ఎండ ఎండయే. మరునాడు పురుగు దానిని తొలిచెను, వేడిగాలి కొట్టెను, ప్రవక్త చావు కోరెను. తాను నాటని, నీరు పోయని చెట్టుకొరకు దుఃఖపడినవాడే, లక్షా ఇరువదివేలకు మించిన జనముగల పట్టణమును దేవుడు కనికరించినందుకు అలిగెను. దేవుడడిగిన చివరి ప్రశ్నకు యోనా ఏమి ఉత్తరమిచ్చెనో గ్రంథములో లేదు. ఆ ప్రశ్నలో పశువులును లెక్కకు వచ్చినవి. మేకలను గూర్చి సణుగువారు దానిని మరల చదువుదురు గాక.

కాబట్టి మొదట తూర్పు గోడకే నాటుదమని నా మనవి. పడమటి వరుస, మన సాయంకాలపు నీడ కొరకు, వచ్చే యేట చూతము.

గుంతలు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండవలెను. తొలకరికి ముందే త్రవ్వి ఎండనిచ్చి, పశువులపెంట కలిపిన మన్నుతో నింపవలెను. మొక్కకు కంప కట్టవలెను. మేకలు నీడకు రావచ్చును గాని చిగురుకు రాగూడదు. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పవు. ఇంటికి వారమునకు రెండు బిందెలు చొప్పున వంతులు వేసి, పట్టికను దేవాలయపు తలుపునకు అంటించియున్నాము. వచ్చు ఆదివారము ఆరాధన కాగానే త్రవ్వుట మొదలు. గునపములు, పారలు ఉన్నవారు తెచ్చుకొనుడి.