కిలోకింత

చిన్న విమానంలో మనిషి బరువు చెప్పక తప్పదు. సమోవా దీవుల్లో 'సమోవా ఎయిర్' నడిపిన ఐలాండర్ విమానంలో పైలట్‌తో కలిపి పదిమందికే చోటు. బరువు వెనక్కి ఎక్కువ పడితే విమానం అదుపు తప్పుతుంది. పెళ్లిచూపుల నాటి నుంచీ తీర్పులు వింటూ వచ్చిన ఆ అంకెని దాచుకోవడం మనకి అలవాటు. అక్కడ దాస్తే ప్రమాదం అందరికీ. చెప్పడమే ధర్మమని ఒప్పుకుంటాను.

ఆ సంస్థ మనిషినీ సామాన్లనీ కలిపి తూచి, కిలోకింత అని టికెట్ పెట్టింది. పిల్లలున్న కుటుంబాలకి తక్కువ పడుతుందని దాని వాదన. సగటున ఆడవాళ్లకి లాభమేగా అంది నా స్నేహితురాలు. లాభమే. అయినా అందరి ప్రాణాల కోసం చెప్పిన అంకెకి వెల కట్టడం నాకు మింగుడుపడదు. ఆ లెక్కన నిండు చూలాలు కడుపులో బిడ్డ బరువుకీ తనే కట్టాలి కదా?